భటుడి పలక

2093 నాటికి మచిలీపట్నం మ్యూజియంలో జనం బొమ్మల్ని చూసి ఊరుకోవడం మానేశారు. చేయి పెట్టి తెలుసుకుంటున్నారు. అదంతా డాక్టర్ తుమ్మా శౌరి కనిపెట్టిన ‘హస్తగ్రాహి’ చలవ. చెక్క అచ్చుతో వేసిన బొమ్మను అది స్కాన్ చేస్తుంది. ఉలి వేగం, ఒత్తిడి, వణుకు లెక్కగట్టి, చెక్కినవాడి మనసులోని భావాన్ని తోలు పలక మీద ఆనించిన మన అరచేతి నరాల్లోకి పంపుతుంది.

ఈసారి శౌరి ఎంచుకున్న బొమ్మ ఆరువందల ఏళ్ల కిందట ఐరోపాలో అచ్చయింది. క్రీస్తును నమ్మినందుకు స్తంభానికి కట్టేసిన ఒక వేదసాక్షి, ఆయన మీద కొరడా ఎత్తిన ఒక భటుడు. ఇద్దరికీ చెరో పలక. ఆ బాధ ఒక్కసారి చేతికి తెలిస్తే మనిషి ఇంకో మనిషి మీద చెయ్యెత్తడని శౌరి నమ్మకం. ఇరవై ఏళ్లుగా ఆ నమ్మకంతోనే బతుకుతున్నాడు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, నలభై రోజుల తపస్సు కాలమంతా ప్రదర్శన.

వారం ముందు పరీక్షిస్తే రెండు పలకల్లోనూ చలనమే లేదు. సెన్సర్లన్నీ మార్చినా అంతే. చివరికి పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఆరోగ్యమ్మను పిలిపించారు. ఆమె తెర వైపు చూసి నవ్వు ఆపుకుంది.

“నల్ల గీతల్ని చదివిస్తున్నారేంటి సార్? అక్కడ ఉలే తగల్లేదు, అది వదిలేసిన చెక్క. చెయ్యి తిరిగిందంతా తెల్లగా ఉన్నచోటే గదా.”

ఇంత చదువూ చదివి ఆ మాత్రం తట్టనందుకు శౌరికి సిగ్గేసింది. తెలుపును చదివించాడు. వేదసాక్షి పలక మీద చేయి పెట్టగానే కళ్లు చెమర్చాయి. చెక్కినవాడు ఏడుస్తూనే చెక్కాడు. భటుడి పలక మీద మాత్రం అదే చేయి చురుగ్గా, హుషారుగా కదిలింది. కొరడా దగ్గర పరమానందం. శౌరి చటుక్కున చేయి తీసేశాడు.

ఇది జనానికి ఎందుకు, తీసేద్దామంది ఆరోగ్యమ్మ. తేడా తెలియాలంటే రెండూ ఉండాలన్నాడు శౌరి. పలకలు చూసుకునే పని ఆమెకే అప్పగించాడు.

ఈస్టర్ మర్నాడు ఆమె శౌరిని పిలిచి చూపించింది. వేదసాక్షి పలక కొత్తదానిలాగే ఉంది. భటుడి పలక మీద తోలు అరిగిపోయి, తీగలు బయటపడ్డాయి.

శౌరికి ఒళ్లు మండింది. ఎవరు వీళ్లంతా అంటూ, ఎవరి అరచేయి ఎన్నిసార్లు ఆ పలకను తాకిందో చెప్పే పట్టిక తెర మీదికి తెప్పించాడు. అన్నిటికంటే పైన ఉన్న పేరు తనదే. నలభై రోజులూ మ్యూజియం తెరవకముందే వచ్చి, యంత్రం సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానని తనకు తాను చెప్పుకున్న పొద్దులన్నీ అందులో ఉన్నాయి.

ఆరోగ్యమ్మ కూడా ఆ పేరు చదివింది. మెల్లగా అడిగింది.

“కొత్త తోలు వేయించమంటారా సార్, పలకే తీసేయమంటారా?”

శౌరి తెర ఆపేశాడు.

“వేయించమ్మా,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.