మణికట్లు పట్టుకునే చోటు

గురుబరపల్లి దాటి కృష్ణగిరి వైపు పోతుంటే, హైవేకి కాస్త లోపలగా ఒక బీడు ఉంది. చీకటి పడ్డాక అటు బండి తోలకండి అంటారు అక్కడివాళ్ళు. తోలితే... ఎవరో రెండు మణికట్లూ పట్టుకుంటారట. మామిడికాయల లోడుతో వచ్చిన ఒక డ్రైవరు లారీని అక్కడే వదిలేసి కృష్ణగిరి దాకా పరుగెత్తాడని చెప్పుకుంటారు. ఆ పూట ఆయన ఎంత తాగాడో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. కానీ హోసూరు కంపెనీలో నా పక్క మిషను మీద పనిచేసే ప్రజ్వల్ ఒకరోజు కక్కలేక మింగలేక ఈ సంగతి చెప్పాడు. అప్పటినుంచి నమ్మనని గట్టిగా అనడం మానేశాను.

ప్రజ్వల్ తాత శేషప్పది సర్కస్ కుటుంబం. మూడు తరాలు డేరా వేసుకుని ఊరూరా తిరిగారు. శేషప్ప ఊయలకు తలకిందులుగా వేలాడేవాడు. ఆయన భార్య రంగమ్మ ఎదుటి ఊయల నుంచి గాల్లో ఎగిరి వచ్చేది. వాళ్ళు అరచేతులు పట్టుకోరు — ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుంటారు. ఒకరి చెయ్యి జారినా రెండోవాళ్ళ పట్టు ఉంటుందని.

అయినా ఒకరోజు ఆ బీడులోనే, నిండు జనం ముందు, రంగమ్మ పడిపోయింది. కింద వల ఉంది. దాని అంచుకు తగిలి నేల మీద పడింది.

ఆ డేరా మళ్ళీ లేవలేదు. వాళ్ళ కూతురు పవిత్ర — ప్రజ్వల్ వాళ్ళమ్మ — అప్పటికి చిన్నపిల్ల. "మా అమ్మను వదిలేసింది నువ్వే" అని ఆనాటి నుంచి తండ్రితో సరిగ్గా మాట్లాడదు. అన్నం పెడుతుంది, ముఖం చూడదు. శేషప్పకేమో ఆ క్షణం గుర్తు లేదు. చెమటకు జారిందో... తనే వదిలాడో... అంతకంటే నరకం ఇంకేముంటుంది?

మొన్న ఆ బీడులో ప్లాట్లు వేస్తున్నారని తెలిసింది.

"ఇండ్లు లేస్తే ఆమె యాడికి పోతాదో. ఒకతూరి తీసుకపోప్పా. అడగాల," అన్నాడు తాత.

రాత్రి ప్రజ్వల్ బైకు మీద తీసుకెళ్ళాడు. తాత లైటు ఆపేయమన్నాడు. వెన్నెల్లో హద్దురాళ్ళ మధ్య నిలబడి రెండు చేతులూ చాచాడు...

చాలాసేపు ఏమీ లేదు. దూరంగా లారీల మోత.

ఉన్నట్టుండి ఆయన భుజాలు ముందుకు ఊగాయి. చేతుల మీద నరాలు తేలాయి — పెద్ద బరువు పట్టుకున్నట్టు. వేళ్ళు గాలినే బిగించి పట్టుకున్నాయి. పట్టుకునే ఉన్నాయి...

ఆ పట్టు సడలకుండానే ఆయన వెనక్కి పడ్డాడు. అవతల ఎవరో విదిలించుకున్నట్టు.

"తాతా... ఏమైంది?"

"నేను ఇడవలేదప్పా," గుసగుసగా అన్నాడు. "గట్టిగానే పట్టుకోనుండా. ఆమే ఇడిపించుకునింది."

ప్రజ్వల్‌కు ప్రాణం లేచొచ్చింది. "పద తాతా, అమ్మకు చెప్దాం. ఇన్నేండ్లు నిన్ను..."

తాత కదల్లేదు.

"ఆ పొద్దు మధ్యాహ్నం ఆమెకు చెప్పినాను... రేపటినుంచి పవిత్రను ఊయల ఎక్కిస్తానని. వద్దనింది. నా కాళ్ళు పట్టుకునింది. మా తాత ఎత్తిన డేరా ఇది, పిల్ల ఎక్కాల్సిందే అన్నాను. డేరా ఉండేదాకా నేను మాననని ఆమెకు తెలుసు ప్రజ్వల్... అందుకే."

ప్రజ్వల్ తాతను బైకు ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు.

పవిత్ర తలుపు తీసింది. ఎక్కడికి పోయి వచ్చారో తండ్రి బట్టలకు అంటిన బీడు మట్టి చూడగానే ఆమెకు అర్థమైంది. ఎన్నో ఏళ్ళ తర్వాత తండ్రి ముఖంలోకి చూసింది.

"అడిగినావా నాయనా? ఎవరి చెయ్యి?"

శేషప్ప కూతురి వైపు చాలాసేపు చూశాడు.

"నాదే అమ్మా," అన్నాడు. "నా చెయ్యే జారింది."