పారిపోయినవాడి బ్యాగు

వెల్డర్ మాయమై రెండు రోజులైంది.

పారిపోయాడని కంపెనీ మేనేజర్ కంప్లయింట్ ఇచ్చాడు. సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టర్ దాని మీద సంతకం పెడితే వెల్డర్ వర్క్ పర్మిట్ రద్దు. కంపెనీ లాండ్రీలో పనిచేసే అతని భార్య పర్మిట్ కూడా దానితోపాటే పోతుంది. ఆ తర్వాత అతనికి ఏమైందని ఎవరూ అడగరు.

ఇన్‌స్పెక్టర్‌కు పొద్దుటి నుంచి తల వేడెక్కి ఉంది. వర్కర్ల క్యాంపులో ఎవరిని కదిపినా ఒకటే జవాబు. తెలీదు సార్. చూళ్ళేదు సార్. గోడనడిగినా ఇంతకంటే ఎక్కువే చెప్పేదేమో. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, వెల్డర్ గదిలోనే ఉండే మిక్సర్ లారీ డ్రైవర్ తన బ్యాగు పోయిందని ఇంకో కంప్లయింట్ పట్టుకొచ్చాడు.

"మనిషి పోతే తెలీదంటారు. బ్యాగు పోతే మాత్రం పరిగెత్తుకొస్తారు."

"లైసెన్స్ అందులోనే ఉంది సార్," అన్నాడు డ్రైవర్.

గది బయట వెల్డర్ భార్య నిలబడి ఉంది. మగవాళ్ళ గదుల్లోకి ఆడవాళ్ళను రానివ్వరు.

"నీతో ఏమన్నా గొడవపడ్డాడా అమ్మా?"

"లేదు సార్. ఊళ్ళో పనుల్లేక ఇంత దూరం వచ్చాం. ఒకే క్యాంపులో ఉండి కూడా ఎవరి గది వాళ్ళది. ఈమధ్యే బయట అద్దెకి చిన్న గది కుదిరింది. వచ్చేవారం కలిసి వండుకుందామన్నాడు. అలాంటివాడు నన్నొదిలి ఎలా పోతాడు?"

మేనేజర్ నవ్వాడు.

"నమ్మకండి సార్. ఎవడో కాస్త ఎక్కువ జీతం ఇస్తానంటే చెప్పాపెట్టకుండా జారుకుంటారు. బ్యాగు సర్దుకునే పోయాడు. అతని మంచం కింద చూడండి."

మంచం కింద ఖాళీ. గోడ పొడవునా మేకులకు బ్యాగులు వేలాడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ వైపు తిరిగాడు.

"నీ బ్యాగు ఎక్కడ పెట్టావు?"

"ఇక్కడే సార్."

"ఇక్కడంటే?"

"గదిలోనే సార్."

"నీ మంచం ఏది?"

డ్రైవర్ ముందు మేనేజర్ మొహం చూశాడు. తర్వాత కిటికీ పక్క మంచం చూపించాడు.

ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరాడు. మిగతావాళ్ళను ప్రశ్నించడం మొదలుపెట్టాడు. డ్రైవర్ నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడు. నిద్ర ఆగడం లేదు. ఆవలిస్తూ వెళ్ళి వెల్డర్ మంచం మీద కూర్చున్నాడు. చూడకుండానే దిండు కింద చెయ్యిపెట్టి తువ్వాలు లాగి మొహం తుడుచుకున్నాడు.

"కిటికీ పక్కది నీదన్నావుగా?"

డ్రైవర్ చటుక్కున లేచాడు.

ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌ను బయటికి పంపి తలుపు వేశాడు.

"ఇప్పుడు చెప్పు."

"మంచానికి ఇద్దరం సార్. పగలు నేను, రాత్రి వెల్డర్. పోలీసులకు తెలిస్తే క్యాంపు మూసేస్తారని మేనేజర్ గారన్నారు. మూసేస్తే మేం ఎక్కడ పడుకోవాలి?"

"బ్యాగు సంగతి?"

"పడుకునేవాడి బ్యాగు మంచం కింద. పనికెళ్ళినవాడిది మేకుకి. అది మా గది పద్ధతి. మొన్న మధ్యాహ్నం స్నానానికెళ్ళి వచ్చేసరికి నా బ్యాగు లేదు."

"మరి వెల్డర్ బ్యాగు?"

"అదుగో సార్, నీలం రంగుది."

మేకుకు ఉంది. పొద్దుటి నుంచీ ఇన్‌స్పెక్టర్ తల దానికి తగులుతూనే ఉంది.

"ఇంతసేపూ చెప్పవేం?"

"మీరు నా బ్యాగు గురించే అడిగారు సార్."

అతన్ని కొట్టాలో, తన తల తనే కొట్టుకోవాలో ఇన్‌స్పెక్టర్‌కు తెలియలేదు.

నాలుగున్నరకు అందరినీ వరండాలోకి పిలిచాడు.

"పారిపోయేవాడు తన బ్యాగు వదిలేసి పక్కవాడిది పట్టుకుపోడు. ఈ గదిలో ఎవరికైనా ఏ బ్యాగు ఎవరిదో తెలుసు. మంచానికి ఇద్దర్ని పెట్టినవాడికి మాత్రం, ఆ ఇద్దరూ ఎలా సర్దుకుంటున్నారో తెలీదు. మంచం కింద ఉన్నదే వెల్డర్‌ది అనుకుని తీసేశాడు."

"నా కారు డిక్కీ వెతికే హక్కు మీకు లేదు," అన్నాడు మేనేజర్.

"డిక్కీ మాట నేనెత్తలేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. డిక్కీ తెరిచారు. డ్రైవర్ బ్యాగు అందులోనే ఉంది.

"పరంజా మీంచి పడ్డాడు," అన్నాడు మేనేజర్. "సేఫ్టీ బెల్టు మేం ఇవ్వలేదు. యాక్సిడెంట్ అని తెలిస్తే సైట్ ఆపేస్తారు సార్. ఊపిరి ఉంది కదా అని ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర దింపేశాం. పేరు చెప్పలేదు."

అందరికంటే ముందు వెల్డర్ భార్య వెళ్ళి జీపెక్కింది.

జనరల్ వార్డులో చివరి మంచం. కాలికి కట్టు, తలకి కట్టు. స్పృహ వచ్చి కొద్ది గంటలే అయిందని నర్సు చెప్పింది. భార్య చెయ్యి పట్టుకోగానే వెల్డర్ కళ్ళు తెరిచాడు. వెనకాల యూనిఫాం చూసి లేవబోయాడు.

"సార్, కాలు జారడం నా తప్పే. పనికి రాలేకపోయాను. తీసెయ్యొద్దని మేనేజర్ గారికి మీరొక్క మాట చెబుతారా?"

పొద్దుటి నుంచి అందరి మీదా అరిచిన ఇన్‌స్పెక్టర్ అతని భుజం పట్టి మెల్లగా పడుకోబెట్టాడు. మేనేజర్ లాకప్‌లో ఉన్నాడంటే ఈ మనిషి సంతోషించడు, భయపడతాడు.