పెదరేవు మైలపల్లోళ్లు

హైమావతి వలసదారుల పేర్ల నుంచి మూడో నమూనా తీసి మార్గణికి అందించింది. ముప్పై కోట్ల వలసదారుల స్మృతికోశంలో ఎవరిని ఏ దారిన వెతకాలో తేల్చేది ఆ మార్గణే. దానికి కళ్లు లేవు, హైమావతి ఇచ్చే అంచనాలే దిక్కు.

విచారణ కిటికీ దగ్గర, అయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ముసలి పైడయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. అంగారకుడి ఓడ గంటలో బయల్దేరుతుంది. ఎక్కితే ఇక చంద్రపట్నానికి తిరిగి రావడం ఉండదు.

"మా అప్ప, నా తోడబుట్టింది, మైలపల్లి పోలమ్మ, తల్లీ. పెదరేవు మునిగిన్నాడు ఏరే ఓడెక్కీసింది. ఓపాలి దాని గొంతు ఇని ఎల్లిపోతాను."

తెర మీద జవాబుకు పదకొండు గంటలు పడుతుందని వచ్చింది. పెదరేవు మైలపల్లి వాళ్లు ముగ్గురే ఉంటారనుకుని, ఒక్కొక్కరి ప్రయాణపత్రాలూ విడివిడిగా తిరగేస్తోంది తిక్క మార్గణి!

"తాతా, పెదరేవులో మైలపల్లి వాళ్లు ఎంతమంది?"

"ఎంతమందేటమ్మా, ఊరంతా మావోళ్లే!"

హైమావతి నెత్తి కొట్టుకుంది. పదివేలలో ఒకరిది పెదరేవు, పదివేలలో ఒకరు మైలపల్లి. ఇంటిపేరుకూ ఊరికీ సంబంధమే లేదనుకుని, రెండు లెక్కలూ గుణించి ముగ్గురని తేల్చింది మార్గణి. ఉన్నది ముప్పై వేల మంది. మన ఊళ్ల సంగతి దానికి ఎవరు చెప్పారు, పాపం!

ఊరినీ ఇంటిపేరునూ జంటగా లెక్కించమంటే సరిపోతుంది. కానీ కొత్త గణన ఆదివారమే చెయ్యాలి. ఇప్పుడు చేస్తే నాలుగు నిమిషాలు పట్నంలో తలుపులు, లిఫ్టులు, టీ యంత్రాలు అన్నీ ఆగిపోతాయి.

"వద్దు హైమావతీ, ఆదివారం చూద్దాం," అన్నాడు పర్యవేక్షకుడు గవర్రాజు తన గదిలోంచి వస్తూ.

"ఆదివారానికి ఈయన ఎక్కడుంటాడు సార్?"

హైమావతి గణన మీట నొక్కేసింది.

పట్నం బిగుసుకుపోయింది. గవర్రాజు గది తలుపు సగంలో ఆగింది. ఆయన సగం లోపల, సగం బయట ఇరుక్కుని నాలుగు నిమిషాలూ తిడుతూనే ఉన్నాడు. హైమావతికి భయమూ వేసింది, నవ్వూ వచ్చింది.

గణన ముగిసింది. ఈసారి మార్గణి ముప్పై వేల మందినీ ఓడల జాబితాలతో ఒక్కసారే కలిపి వడగట్టింది. అర సెకను పట్టింది. ఫోను కలిసింది.

"ఒరే పైడిగా! సచ్చినోడా, ఇన్నాళ్లకి గుర్తొచ్చిందేట్రా అప్ప? ఈ పట్నంలోనే, ఏడో గుమ్మటంలో ఉన్నాన్రా!"

పైడయ్య ఏడుస్తూ నవ్వుతూ ఓడ టికెట్టు కిటికీలోనే వదిలేసి పరుగెత్తాడు.

గవర్రాజు బయటపడి ఫిర్యాదు కాగితం తీశాడు. అంతలో గోడంతా వెలిగింది. గంటల కొద్దీ పడుతుందని పక్కన పెట్టేయడంతో ఇన్నేళ్లూ వరసలో ఉండిపోయిన, ఊరి పేరుతో అయినవాళ్లను వెతికే ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి తేలుతున్నాయి. పట్నమంతా ఫోన్లు మోగుతున్నాయి.

గవర్రాజు జేబులోనూ మోగింది. ఆయన ప్రశ్న వేసి ఆరేళ్లయింది.

"బాబాయ్? నువ్వేనా బాబాయ్?" ఆయన కలం తీశాడు. "ఉండుండు, రాసుకుంటా, చెప్పు."

ఫిర్యాదు కాగితం మీదే చిరునామా రాసుకున్నాడు.