దాచుకున్న దగ్గు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బాల్కనీ గుమ్మం దాకా వచ్చిన టైలరమ్మ అక్కడే కాసేపు నిలబడిపోయింది. గొంతులో గరగర అణిగేదాకా గుటకలు మింగింది. ముఖానికి ఒక నవ్వు తగిలించుకుని అప్పుడు లోపలికి అడుగు పెట్టింది. బాల్కనీ నిండా సన్నటి చెక్కపొట్టు తేలుతోంది. దాని మధ్యలో ఆవిడ మొగుడు నేలమీద చతికిలబడి, ఒక పీట చెక్కమీద నునుపు పట్టే మిషను తిప్పుతున్నాడు. కనుబొమలు కూడా తెల్లబడిపోయి ముసలాడిలా ఉన్నాడు.

"సరిగ్గా వచ్చావు. ఇలా రా, ఒక్కసారి ముట్టుకో," అన్నాడు మిషను ఆపి. "అద్దంలా లేదూ?"

"అద్దమే. తల దువ్వుకోవచ్చు."

"ఎగతాళా?"

"నిజమేనండీ. టీ తాగండి."

ఆవిడ ఈ మధ్య మాటలు పొదుపుగా వాడుతోంది. నాలుగు మాటలు దాటితే ఊపిరి అందడం లేదు మరి. ఆయన మాత్రం పెళ్ళానికి వయసుతోపాటు శాంతం వచ్చిందనుకున్నాడు. "ఈ మధ్య నువ్వు నాతో పోట్లాడటం బొత్తిగా మానేశావే!" అని మెచ్చుకున్నాడు కూడా. మగవాళ్ళకి ఇంట్లో గొడవ లేకపోతే చాలు, అంతా బాగున్నట్టే లెక్క.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. మీసాలు మొలిచినప్పటి నుంచీ సిగరెట్టు కాల్చాడు. డిపోలో అందరూ "పొగబండి" అని పిలిచేవాళ్ళు. మానేసి ఏడాది దాటినా ఆ పేరు మాత్రం ఆయన్ని మానలేదు. అంతకుముందు రెండుసార్లు మానాడు. కూతురు పుట్టినప్పుడు ఒకసారి మాని, అది పాకడం మొదలుపెట్టేలోపే మళ్ళీ ముట్టించాడు. రెండోసారి అన్నగారు పోయిన రోజున వ్రతం కాస్తా చెడింది. ఆఖరికి కిందటేడు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "ఇంకో ఏడాది ఇలాగే కాల్చండి. ఆ తరవాత నా దగ్గరికి రావాల్సిన పనే ఉండదు," అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆయన గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నావల్ల కాదే. చేతులు ఊరుకోవు. వాటంతట అవే జేబులోకి పోతాయి," అన్నాడు.

"అయితే చేతులకి పని పెడదాం," అంది టైలరమ్మ.

ఆ ఇంట్లో ఒక పద్ధతి అలా మొదలైంది. రోజూ పొద్దున్న, ఇదివరకు ఆయన సిగరెట్ల కొట్టుకి బయల్దేరే వేళకి, పెట్టె సిగరెట్ల ఖరీదు ఆయన చేతులతోనే ఒక డబ్బాలో వేయించేది. డబ్బా నిండగానే వడ్రంగి సామాన్ల దుకాణానికి తోలేది. ముందు ఉలి వచ్చింది. తరవాత రంపం, ఆ తరవాత చిత్రిక. ఇంటికి ఎవరొచ్చినా ఆయన వాటిని ముందేసుకుని, "ఇది రెండు వారాల సిగరెట్లండీ. ఇది నెల్లాళ్ళవి," అని చూపించేవాడు. మొదట చేసిన బల్ల ఒంటికాలిమీద కుంటింది. మూడోది నిలబడింది. ఆయనా నిలబడ్డాడు.

వాటన్నిటికన్నా ఆయనకి పెద్ద గొప్ప ఇంకొకటుంది. టైలరమ్మకి ఏళ్ళనుంచీ ఉబ్బసం. ఇంట్లో పొగ ఆగిపోయాక ఆవిడ దగ్గు కూడా క్రమంగా ఆగిపోయింది. "నాకు తెలియకుండా ఇన్నాళ్ళూ దాన్ని చంపుకుతిన్నానురా. ఇప్పుడు చూడు, రాత్రి పడుకుంటే పిల్లిలా నిద్రపోతోంది," అని డిపోలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. సిగరెట్టు మీదకి మనసు పోయినప్పుడల్లా ఆ నిద్రపోయే ముఖమే తలుచుకుంటానని ఆవిడకీ చెప్పాడు. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

రెండు నెలల కిందట బస్సు కింద ఒక స్కూటరువాడు పడబోయి తప్పించుకున్నాడు. డ్రైవరు తప్పేమీ లేదు. అయినా ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి చేతులు ఊరుకోలేదు. ఒక్కొక్క జేబూ తడుముకుంటున్నాడు. టైలరమ్మ అది చూసింది. మర్నాడు డబ్బాలో ఉన్నదానికి తన కుట్టుకూలి కూడా కలిపి, ఆయన దుకాణంలో చూసినప్పుడల్లా ఆశపడే నునుపు పట్టే మిషను కొనుక్కోమని పంపింది. గరుకు కాగితంతో గంటలకొద్దీ రుద్దే పని అది చిటికెలో చేస్తుంది. చిత్రిక పడితే రాలేవి చుట్టలు చుట్టుకున్న పేళ్ళు. వాటిని చీపురుతో ఊడ్చేయవచ్చు. ఈ మిషను ఎగరేసే పొట్టు మాత్రం ముఖానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తన. బాల్కనీ తలుపు సందుల్లోంచి వచ్చి ఆవిడ కుట్టే బట్టలమీద, కంచాలమీద, పక్కమీద వాలేది. ఆయన వారం రోజులు కూనిరాగాలు తీశాడు. రెండో వారానికి ఆవిడకి దగ్గు తిరిగొచ్చింది.

ఎలా చెప్తుంది? పొగ మానినా దగ్గు పోలేదని తెలిస్తే ఈయన పట్టుకుని వేలాడుతున్న ఆ ఒక్క కొమ్మా విరిగిపోదా? పోనీ మిషను ఆపమంటే చేతులు మళ్ళీ జేబుల్లోకి పోవూ? అందుకని దాచడం నేర్చుకుంది. వంటింట్లో కుళాయి విప్పి దగ్గేది. దగ్గు ఆగకపోతే కుట్టుమిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డ లేకుండానే గడగడా తొక్కుతూ ఆ చప్పుడులో దగ్గేది. ఇన్‌హేలరు పై అంతస్తు మామ్మగారి ఇంట్లో పెట్టింది. బొత్తాలు అడిగొస్తానని రోజుకి రెండుమూడుసార్లు మెట్లెక్కేది.

"నీకేమైనా పిచ్చా?" అని మామ్మగారు రోజూ తిట్టేది.

"ఇంకొన్నాళ్ళు, మామ్మగారూ. ఆయన గట్టిపడనీండి."

"ఆయన గట్టిపడేలోపు నువ్వు కట్టెవైపోతావు."

ఆ రోజు డ్రైవరుకి సెలవు. టీ తాగి మళ్ళీ మిషను మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి టైలరమ్మ పెదాలు నల్లబడ్డాయి. "బొత్తాలు..." అని ఒక్క మాట అని బయటికి వచ్చింది. మెట్లు సగమే ఎక్కగలిగింది. కటకటాలు పట్టుకుని అక్కడే కూలబడింది. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నుంచి భోజనానికి వస్తున్న కూతురికి ముందు తల్లి చెప్పు కనిపించింది. తలెత్తితే తల్లి కనిపించింది.

ఆ పిల్లని తండ్రి "ఇన్‌స్పెక్టరు" అంటాడు. ఆయన డ్యూటీ దిగి రాగానే చొక్కా లాక్కుని పొగ వాసన ఉందేమోనని చూసేది. ఏడాది నుంచీ తండ్రి చొక్కాలు వాసన చూస్తున్న పిల్ల, పక్కనే తల్లి ఎండిపోతుంటే కనిపెట్టలేకపోయింది. ఆ కోపం తనమీద ఎంతో తండ్రిమీద అంత. మామ్మగారు పరుగున దిగి ఇన్‌హేలరు ఇచ్చి, ఆపుకోలేక సంగతంతా కక్కేసింది. వింటూనే ఆ పిల్ల తల్లిని ఆవిడకి అప్పగించి, ఇంట్లోకి వెళ్ళి మిషను తీగ పట్టి లాగేసింది.

"ఏమే, ఏమైంది?"

"అమ్మ చచ్చిపోతోంది, నాన్నా! నీ పొట్టు పీల్చి పీల్చి చచ్చిపోతోంది!"

"మీ అమ్మా? మీ అమ్మకి దగ్గు పోయిందిగా."

"పోలేదు! నీకు వినపడకుండా దగ్గుతోంది. రెండు నెలల నుంచీ కుళాయి విప్పుకుని, కుట్టుమిషను తొక్కుకుని, మెట్లెక్కి దగ్గుతోంది. నువ్వు మళ్ళీ కాలుస్తావేమోనని!"

ఆయన ముందు నవ్వబోయాడు. ఆ తరవాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఊరికే గడగడలాడిన కుట్టుమిషను గుర్తొచ్చింది. ఎన్ని తెచ్చినా ఎప్పుడూ అయిపోయే బొత్తాలు గుర్తొచ్చాయి. పోట్లాడటం మానేసిన పెళ్ళాం గుర్తొచ్చింది. కూతురు ఇంకా ఏదో అరుస్తోంది. ఆయన లేచి, ఒంటిమీద పొట్టు కూడా దులుపుకోకుండా బయటికి నడిచాడు. మెట్లమీద మామ్మగారి ఒడిలో తలపెట్టుకుని ఉన్న భార్య పక్కనుంచే దిగిపోయాడు. ఆవిడ ముఖంవైపు చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

"మీ నాన్నని ఆపవే," అంది టైలరమ్మ, ఆయన వెనకే బయటికొచ్చిన కూతురితో, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "కొట్టుకే పోతున్నారు. ఆపు!"

"పోనీ అమ్మా! నువ్వు కదలకు!"

వింటుందా? గోడ పట్టుకుని లేచింది.

వీధి చివర సిగరెట్ల కొట్టువాడు ఆయన్ని చూసి, "పొగబండీ! ఏడాదికి దారి దొరికిందా?" అని, అడక్కుండానే పాత రకం పెట్టె తీసి ఇచ్చాడు. డ్రైవరు దాన్ని తీసుకుని ఎదురుగా ఉన్న బస్‌స్టాపు బల్లమీద కూర్చున్నాడు. ఒక సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. తన బతుకులో తను సరిగ్గా చేసిన పని ఒక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అదీ అబద్ధమే. పొగ పెట్టి చంపాడు, పొగ మాని చంపాడు. ఇక మానితేనేం, కాలిస్తేనేం? మూడో పుల్ల తీశాడు.

అప్పుడు ఆ మణికట్టు మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

టైలరమ్మ చెప్పుల్లేకుండా వచ్చింది. ఏదో చెప్పబోతోంది, మాట రావడం లేదు. నీళ్ళు లేని బోరింగు కొట్టినట్టు రొమ్ములోంచి చప్పుడు మాత్రం వస్తోంది. వెనకే పరుగెత్తుకొచ్చిన కూతురు ఇన్‌హేలరు నోటికి పట్టించి, బల్లమీద కూర్చోబెట్టింది. ఆవిడ రెండు నెలలుగా తనకి చూపించని ఆ ముఖాన్ని ఆయన మొదటిసారి చూశాడు. ఎంత చిక్కిపోయింది! కళ్ళకింద గుంతలు ఎప్పుడు పడ్డాయి? నోట్లోంచి సిగరెట్టు దానంతటదే జారి ఒళ్ళో పడింది.

"వెలిగించలేదే," అన్నాడు. "ఇంకో నిమిషం ఆలస్యంగా వస్తే వెలిగించేవాణ్ణి. నీతో అబద్ధం చెప్పను."

ఆవిడ తల ఊపింది.

"ఎందుకు చెప్పలేదే నాకు? నీ దగ్గు పోయిందని ఊరంతా చెప్పుకున్నానే!"

"అందుకేనండీ చెప్పలేదు." కొంచెం ఆగి, మళ్ళీ ఊపిరి కూడగట్టుకుంది. "అది పట్టుకునే... మీరు మానారు. నేను దగ్గితే... అది పోతుంది. మీరూ పోతారు."

"నిన్ను మట్టిపాలు చేసుకుని నేను బతికి ఏం చేసుకోను? పీటలు చేసుకోనా?" అంటూ ఆయన బావురుమన్నాడు. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు అటు తిరిగి చూశారు. ఆయనకి పట్టలేదు.

"మీరు లేకపోతే నాకెందుకండీ ఈ ఊపిరి?"

"బాగుంది," అంది ఇన్‌స్పెక్టరు, కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ. "ఒకళ్ళకోసం ఒకళ్ళు చచ్చిపొండి. మధ్యలో నేను దిక్కులేనిదాన్ని అవుతాను. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కళ్ళయినా ఆలోచించారా?"

ఇద్దరూ దొంగల్లా తలవంచుకున్నారు. ఆ పిల్ల తండ్రి చేతిలోంచి పెట్టె లాక్కుని, ఒళ్ళో పడిన సిగరెట్టు కూడా ఏరి, చెత్తడబ్బాలో పారేసి వచ్చింది. వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చోబోయి, ఏమనుకుందో, తల్లికి ఇంకోవైపు కూర్చుంది.

"డిపో వెనక పాత టైర్ల షెడ్డు ఖాళీగా ఉంది," అన్నాడు ఆయన. "మేనేజర్ని అడుగుతాను. మిషనూ, చెక్కా, అన్నీ అక్కడే. ఇన్నాళ్ళూ నవ్వుతారేమోనని సిగ్గుపడి అడగలేదు."

"నవ్వనీండి. మరి ఇంట్లో ఉన్నప్పుడు... చేతులు లాగితే?"

"లాగుతున్నాయని నీకు చెప్తాను. నువ్వు గట్టిగా పట్టుకుని కూర్చో."

"నాకు కుట్టుపని ఉండదూ?"

"అయితే నాకూ సూది ఇయ్యి. బొత్తాలు కుడతాను. ఎలాగూ మనింట్లో వాటి ఖర్చు ఎక్కువ."

టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు దగ్గూ తోసుకొచ్చింది. అలవాటుగా నోటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ముఖం అటు తిప్పేసుకుని, మింగెయ్యబోయింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆయన ఆ చేతిని పట్టుకుని మెల్లిగా కిందకి దించాడు.

"దగ్గు," అన్నాడు.

"వద్దండీ..."

"దగ్గవే. గట్టిగా దగ్గు. నేను వింటాను."

ఆవిడ దగ్గింది. రెండు నెలలుగా కుళాయి కింద, మిషను కింద తొక్కిపెట్టిన దగ్గంతా ఒక్కసారిగా వచ్చిపడింది. ముందుకి వంగిపోయి, ఆయన మోకాలు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా దగ్గుతూనే ఉంది. బస్సు వచ్చి, నిలబడ్డవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆయన వీపు రాస్తూ, ఒక్కొక్క దగ్గూ తనకే తగులుతున్నట్టు కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడికీ లేచి పారిపోలేదు. ఆయన రెండో చెయ్యి ఆవిడ గుప్పెట్లోనే ఉంది.

కొంచెం తెరిపి ఇచ్చాక, "ఇంకా ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"కానియ్యి. ఇవాళ నాకు సెలవేగా."