సగం దారి దాటాక

లాస్ ఏంజెలెస్‌లో సియోల్ విమానం లేచి ఏడు గంటలైంది. పసిఫిక్ మీద, స్టీవార్డ్ వేషంలో రామ్యన్ నూడుల్స్ గిన్నెల్లో వేడినీళ్లు పోస్తున్న ఏజెంట్ తక్ చెవిలోని బుల్లి రేడియో పలికింది. సియోల్ హెడ్‌క్వార్టర్స్.

“పియర్ పండుకు పురుగు పట్టింది.”

పియర్ పండు అంటే పన్నెండో వరుసలో కునుకు తీస్తున్న ప్రొఫెసర్ మేంగ్. సియోల్ ఆఫీసుల్లో దూరిన విదేశీ ముఠా పేర్లన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. పురుగు అంటే విషం. ఎయిర్‌పోర్టు లౌంజ్‌లో తాగిన టీలో కలిపారట. ఇంకో ఆరు గంటల్లో గుండె ఆగిపోతుంది. విరుగుడు ఇంజెక్షన్ సియోల్ ఎయిర్‌పోర్టు ఇంచియాన్‌లో ఒకటి, లాస్ ఏంజెలెస్‌లో ఒకటి ఉన్నాయి. మధ్యలో ఎక్కడ దిగినా లాభం లేదు.

తక్ పన్నెండో వరుసకేసి చూశాడు. దిక్కులేని తనను చేరదీసి చదువు చెప్పింది ఈ ముసలాయనే.

ప్రొఫెసర్ సెక్రటరీగా పక్క సీట్లో ఉన్నది ఛేరిన్. తన తోటి ఏజెంట్. పట్టు స్కార్ఫు, ముత్యాల కమ్మలు, విమానమంతా తలతిప్పి చూసే అందం. నెలకోసారి ఈ దారిలో తిరిగే మనిషి. ఆమెను వంటగది తెర వెనక్కి పిలిచి తక్ సంగతి చెప్పాడు.

ఛేరిన్ కళ్లు తుడుచుకుంది. దగ్గరి సీటు ముందు, విమానం దారి చూపే స్క్రీన్ చూడమంది. వచ్చింది నాలుగువేల తొమ్మిదివందల ఎనభై కిలోమీటర్లు. మిగిలింది నాలుగువేల ఆరువందల ఇరవై.

“సగం దాటేశాం తక్. ముందుకే దగ్గర. వెనక్కి తిప్పితే ఆయన్ని మనమే చంపినట్టు.”

లెక్క సరిగ్గానే ఉంది. తక్ తలూపాడు. ఇంతలో ఎవరో రామ్యన్ అడిగితే పెట్టె తెరిచాడు. ఈ పెట్టె సియోల్‌కి వచ్చేటప్పుడే ఎక్కిస్తారు. లాస్ ఏంజెలెస్ వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, పదిన్నర గంటలు. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, పదమూడున్నర. జనానికి మధ్యలో ఆకలేస్తుంది.

అంటే ముందుకు ఆరున్నర గంటలు. వెనక్కి అయిదున్నర.

ఇది ఛేరిన్‌కి తెలియదా? విమానం ఎక్కేటప్పుడు ఎదురుగాలికి ప్రయాణం సాగి నడుం విరుగుతుందని సణిగింది తనే.

“టీ ఎవరు పోశారు ఛేరిన్?”

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది. తక్ చేతిలోని రామ్యన్ గిన్నె ఆమె మణికట్టు మీద ఒలికింది. సూది కింద పడింది. రెండు నిమిషాల్లో ఆమె చేతులకు సీటు బెల్టు బిగిసింది.

తక్ కెప్టెన్‌కి తన ఏజెంట్ కార్డు చూపించి, కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. కెప్టెన్ గాలి లెక్క చూసి విమానం తిప్పాడు. అప్పటికే పది నిమిషాలు పోయాయి.

అయిదో గంటకు మేంగ్ పెదవులు నీలంగా మారాయి. తక్ ఆయన చెయ్యి వదల్లేదు. గాలి తగ్గకూడదని ఎవరికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కాడు. రన్‌వే మీదే డాక్టర్ ఎక్కి సూది గుచ్చేసరికి గడువు ఇంకా రెండు నిమిషాలే ఉంది.

చాలాసేపటికి మేంగ్ కళ్లు తెరిచాడు.

“ఇంచియానేనా?”

“లాస్ ఏంజెలెస్ మాస్టారూ. గాలి ఇటే ఉంది.”

“దాదాపు పదమూడు గంటలు ఎగిరి బయల్దేరిన చోటికే తెచ్చావా?” ముసలాయన నిట్టూర్చాడు. “పోనీ, నా రామ్యన్ ఏదిరా?”

“ఛేరిన్‌కి వడ్డించేశాను మాస్టారూ.”