దొంగని తలుచుకుని చేసిన తాళం

"గోడ మీద పాస్‌వర్డ్ అంటించింది ఎవరు?"

మూడో అంతస్తు వార్డులోకి వస్తూనే కేకేశాడు నెట్‌వర్క్ ఇంజనీరు. ఆస్పత్రి వైఫైకి కొత్త కట్టుదిట్టాలు చేసింది అతనే. వారం తిరక్కుండానే బయటివాళ్లెవరో అందులోకి దూరారు.

"నేనే," అంది నర్సు, సెలైన్ సీసా మారుస్తూ, తలైనా తిప్పకుండా. "ఇరవై అక్షరాలు, మధ్యలో చుక్కలూ గీతలూ. పది నిమిషాలకోసారి మళ్లీ కొట్టమంటుంది. గుర్తుపెట్టుకోమంటారా, కూర్చుని ఏడవమంటారా?"

"సెక్యూరిటీ అన్నాక ఆ మాత్రం కష్టం తప్పదండీ."

"అయితే రేపు మా డ్యూటీకి రండి. ఆ కష్టమేదో మీరే పడుదురుగాని."

పంతానికి వచ్చాడు. గ్లౌజులు వేసుకుని, రోగుల వివరాలుండే ట్యాబ్ పట్టుకుని, పొద్దున్నించీ ఆమె వెనకాలే తిరిగాడు. పదకొండింటికి ఒక పెద్దాయనకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఊపిరి అందడం లేదు.

"ఈయనకి ఏ మందులు పడవో చూసి చెప్పండి, త్వరగా!"

ట్యాబ్ పాస్‌వర్డ్ అడిగింది. కంగారులో తప్పు కొట్టాడు. మళ్లీ తప్పే. మూడోసారికి లాక్ అయిపోయింది.

డాక్టరు పరుగున వచ్చి ఇంజెక్షన్ ఇవ్వబట్టి పెద్దాయన గట్టెక్కాడు. ఇంజనీరు మాత్రం గోడవార బల్ల మీద కూలబడ్డాడు.

ఆమె దెప్పలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"మీ తెలివికి వంక పెట్టను. కానీ దొంగని తలుచుకుని తాళం చేశారు. ఇంట్లోవాళ్లని తలుచుకోలేదు."

ఆ మాట అతని గుండెలో నాటుకుంది. మర్నాటి నుంచి వార్డే అతని ఆఫీసయింది. కొత్త పద్ధతి తయారుచేశాడు: డ్యూటీ ఎక్కేటప్పుడు ఒక్కసారి నాలుగంకెలు కొట్టాలి. ఆ తర్వాత మెడలో కార్డు తాకిస్తే చాలు. కార్డు పోతే ఒక్క ఫోన్‌తో అది చెల్లకుండా పోతుంది. "చెయ్యి తడిగా ఉంటే?" అనేది ఆమె. "కార్డు తిరగబడితే?" అనేది. అతను తిట్టుకుంటూ వెళ్లి, నవ్వుకుంటూ వచ్చేవాడు. లోపాలన్నీ తీరిపోయాక కూడా రోజుకు మూడుసార్లు వచ్చేవాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. నెట్‌వర్క్‌లోకి చొరబడి చూపించమని యాజమాన్యం బయటినుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది. రెండు రోజులు తంటాలు పడి ఆయన చేతులెత్తేశాడు. "ఇది నావల్ల కాదు," అన్నాడు.

ఇటు వార్డులో, నర్సులందరికీ పెద్దయిన మేట్రన్ చేతిగడియారం పట్టుకుని నిలబడింది. ఆవిడ నర్సుకి స్వయానా పెద్దమ్మ. నర్సు గ్లౌజులతోనే కార్డు తాకించింది. రోగి వివరాలన్నీ తెర మీద!

"రెండే సెకన్లు!" అంది మేట్రన్. వార్డంతా చప్పట్లు. దద్దుర్ల పెద్దాయన మంచం మీదే లేచి కూర్చుని ఈల వేశాడు.

ఆ సందడిలోనే ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ నా పనైపోయిందండీ. పని లేకపోయినా... మీకోసం రావచ్చా?"

నర్సు బుగ్గలు ఎర్రబడ్డాయి. తల దించుకుని కార్డు తాడు వేలికి చుట్టుకోసాగింది.

"వాళ్లమ్మని నేను ఒప్పిస్తాలే బాబూ," అంది మేట్రన్. "ఏమే, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

నర్సు తలెత్తి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"వార్డుకి వద్దు. ఆదివారం ఇంటికి రండి. మా నాన్న సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. భయపడకండి, మీ పక్కన నేనుంటాను."

అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు, రాజ్యం గెలిచినవాడిలా.