హెలికాప్టర్ తోకా, అధిక మాసమూ

ఆ మంగళవారం పొద్దున పాలు పోసే కలీం వల్ల ప్రొద్దుటూరులో సగం ఊరికి కాఫీ ఆలస్యమైంది. తప్పు కలీంది కాదు, రామకృష్ణయ్యది. బట్టల బజారు వెనక వీధిలో, పెద్దకొడుకు గుణశేఖర్ ఇంటి మెట్ల మీద కూర్చుని ఆయన హెలికాప్టర్ కథ మొదలుపెట్టాడు. రామకృష్ణయ్యకు డెబ్బై ఆరేళ్లు. నలభై ఏళ్లు బట్టలు అమ్మిన మనిషి. గుడ్డనైతే కొలిచి ఇచ్చాడు గానీ, మాటను ఏనాడూ కొలిచి ఇవ్వలేదు.

"మా భవ్య చేసే హెలికాప్టరును ఒక దేశం చేయడంల్యా కలీమూ, మూడు దేశాలు కలిసి చేస్తాండాయి. ఇంజనూ, పైన తిరిగే రెక్కలూ ఫ్రాన్సు వాళ్లవి. మనుషులు కూసునే గది కొరియా వాళ్లది. తోక మన బెంగుళూరుది. ఆ తోకకు మా మనవరాలే పెద్ద."

"తోక దేనికి సామీ? అదేమన్నా ఎద్దా, ఈగలు తోలుకోను?"

"తోక లేకుంటే పైన రెక్కలు ఇట్ల తిరుగుతాంటే, కింద మనుషులు అట్ల తిరుగుతారప్పా. బొంగరమే! ఆ ఫ్రాన్సు దొర నాకే ఫోన్ చేసినాడు. 'శెట్టీ, తోక ఎంత పొడుగు పెట్టాల?' అన్యాడు. 'తొమ్మిది గజాల చీర ఎంతో అంత పెట్టుకో నాయనా' అన్యా. ఆ దొర ఫోన్ పెట్టేసి, కొలత కోసరం చీర కొనను పోయినాడు."

కలీం పడీ పడీ నవ్వి క్యాను ఎత్తుకున్నాడు.

దొర ఫోన్ చేశాడన్నది అబద్ధమే గానీ, హెలికాప్టర్ మాత్రం నిజం. గుణశేఖర్ కూతురు భవ్య బెంగుళూరులో ఇంజనీరు. ఒకే ఇంజనుతో, ఐదుగురిని మోసుకుని ఎగిరే చిన్న హెలికాప్టర్ అది. ఐదేళ్లుగా ఏ దేశం భాగాన్ని ఆ దేశం తన చోట చేసుకుంటూ ఉంది. మూడు దేశాల వాళ్లూ టీవీ తెర మీద మాట్లాడుకునేటప్పుడు ఒకరు టిఫిను తింటుంటే ఇంకొకరు అన్నానికి లేచేవాళ్లట. ఈ వారమే మొదటిసారి మూడు భాగాలూ బెంగుళూరులో ఒకే షెడ్డులోకి చేరాయి. వాటిని అతికించి చూసేది ఈ రోజే. ఇవన్నీ భవ్య తాతకే చెబుతుంది. ఇంట్లో మిగతావాళ్లకు అంతసేపు వినే తీరిక లేదు.

లోపల కోడలు లక్ష్మీకాంతమ్మ మామగారి సంచి సర్దుతోంది.

"మందులు నీలం డబ్బాలో పెట్టినా మామా. పొద్దున రెండు, మాపటికి ఒకటి. మా అమ్మకు మోకాలు ఆపరేషన్ అయ్యింది గదా, ఈ నెలంతా నేను మైదుకూరులో ఉండాల. నీకు జమ్మలమడుగే మేలు."

"సరేమ్మా. వెంకటేష్‌కు ఫోన్ చేసినారా?"

"ఆయనకు తెలీదా? శ్రావణం వచ్చె గదా."

నాలుగేళ్ల కిందట భార్య పోయాక పిల్లలు ముగ్గురూ కూర్చుని రామకృష్ణయ్యకు వంతులు వేసుకున్నారు. చైత్రం నుంచి ఆషాఢం దాకా ప్రొద్దుటూరులో పెద్దకొడుకు దగ్గర. శ్రావణం నుంచి కార్తీకం దాకా జమ్మలమడుగులో రెండో కొడుకు వెంకటేష్ దగ్గర. మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా పులివెందులలో కూతురు రాజేశ్వరమ్మ దగ్గర. పన్నెండు నెలలు, మూడు ఇళ్లు. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

నిన్నటి అమావాస్యతో ఆషాఢం ముగిసింది. అయితే ఈ ఏడు శ్రావణాలు రెండు. రెండున్నర, మూడేళ్లకొకసారి పంచాంగంలోకి ఒక నెల ఎక్కువ వచ్చి కూర్చుంటుంది. దాన్ని అధిక మాసం అంటారు. ముందు అధిక శ్రావణం, అది గడిచాక నిజ శ్రావణం. పన్నెండు నెలలు పంచుకున్న ముగ్గురూ ఈ పదమూడో నెల సంగతి మాట్లాడుకోలేదు.

వారం, వర్జ్యం చూడనిదే చీరల మూట కూడా విప్పని గుణశేఖర్, మంగళవారం, అందులోనూ పాడ్యమి పూట తండ్రిని బండి మీద తీసుకుపోయి జమ్మలమడుగు బస్సు ఎక్కించాడు.

జమ్మలమడుగులో వెంకటేష్ ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే నేల తవ్వి ఉంది, గోడవారగా బండలు పేర్చి ఉన్నాయి. ఎదురింటి వెంకటరమణమ్మ చేతిలో చాటతో బయటికొచ్చింది.

"ఏం పెద్దాయనా, ఇప్పుడొచ్చినావే? వాళ్లు పెండ్లిమర్రికి, మీ కోడలి పుట్టింటికి పోయినారు. బండలు పరిపిస్తాండారు గదా, పని అయ్యేదాకా రారు. నువ్వు నిజ శ్రావణానికి వస్తావని మీ కోడలు చెప్పిందే!"

రామకృష్ణయ్య ముఖం ఒక్క క్షణం ఖాళీ అయింది. అంగట్లో చిరుగున్న చీర బయటపడినప్పుడు నవ్వే నవ్వు ఒకటి ఉంది ఆయన దగ్గర. అది నవ్వాడు.

"తెలుసులేమ్మా. ఇల్లు యాడిదాకా వచ్చిందో సూసి పోదామని దిగినా."

"ఎండ మండుతాండాది. రా, ఇంత అన్నం తిని పో."

"వద్దమ్మా. నాకు బండి వస్తాది."

"ఏం బండి?"

"హెలికాప్టరు."

వెంకటరమణమ్మ చాట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వెనక నుంచి వినబడుతుండగా ఆయన సంచి భుజానికి తగిలించుకుని మళ్లీ బస్టాండుకు నడిచాడు.

బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆలోచించాడు. ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. అక్కడ నెల అయిపోయింది. పులివెందుల బస్సు వచ్చింది. మార్గశిరం రావాలంటే ఇంకా ఐదు నెలలు. ఈ ఊళ్లో నెల ఇంకా మొదలే కాలేదు. బస్సులు వచ్చాయి, పోయాయి. ఫోను జేబులోనే ఉంది. చేతిలోకి తీసుకున్నాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

టీ అంగడి నబీ రసూల్ చాలాసేపు చూసి, గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. "పొద్దన్నుంచి చూస్తాండా. యాడికి పోవాల పెద్దాయనా?"

"నేను పోయేది కాదప్పా. నన్ను తీసుకపోను వస్తాండారు. హెలికాప్టర్లో."

ఇక కథ ఆగలేదు. ఫ్రాన్సు దొర వచ్చాడు, కొరియా దొర వచ్చాడు. గండికోట మీదికి వచ్చి పైలట్‌కు దోవ తప్పితే, పెన్నేటి దగ్గర ఎడమకు తిప్పమని రామకృష్ణయ్యే చెప్పాడు. హెలికాప్టర్ గాలికి జమ్మలమడుగులో మిద్దెల మీద ఆరేసిన చీరలన్నీ లేచిపోయి మైదుకూరులో పడ్డాయి. ఒకరు విన్నారు, నలుగురు విన్నారు, నలభై మంది చేరారు. నవ్వుతూ విన్నవాళ్లు కొందరు, నమ్మినవాళ్లు ఎక్కువమంది. నోరు కదులుతున్నంతసేపూ ఆయన ఒంటరిగా లేడు.

రెండు గంటలప్పుడు భవ్య ఫోన్ చేసింది. ఆయన జనానికి కొంచెం పక్కగా వెళ్లాడు.

"తాతా, యాడుండావు?"

"మీ చిన్నాయన ఇంట్లోనే. ఇప్పుడే ఉర్లగడ్డ కూరతో అన్నం తిని పండుకున్యా. నీ హెలికాప్టర్ ఏమాయెనో చెప్పు."

"అతకలేదు తాతా." ఆమె గొంతు అలిసిపోయి ఉంది. "గదికీ తోకకూ నడమ ఒక రింగు రావాల. దాన్ని తోకోళ్లు చేస్తారని గదోళ్లు అనుకున్యారు. గదోళ్లు చేస్తారని మేమనుకున్యాం. ఐదేండ్లలో ఎవరి బొమ్మలోనూ గీయలేదు దాన్ని. పొద్దన్నుంచి అందరూ కొట్లాడుకుంటాండారు, మాది కాదంటే మాది కాదని."

"మరి తోక?"

"దాన్ని మూలకు పెట్టి గుడ్డ కప్పినారు."



"దాని దగ్గర ఎవరన్నా ఉండారామ్మా?"

భవ్య నవ్వబోయింది. తోకకు తోడేమిటి! కానీ తాత ఆ మాట నవ్వించడానికి అన్నట్టు లేదు. అప్పుడే కండక్టర్ కేక వినబడింది: "ముద్దనూరు, పులివెందుల! రావాల, రావాల!"

"తాతా! నువ్వు బస్టాండులో ఉండావా?"

"సిగ్నల్ సరిగ్గా ల్యా తల్లీ," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

భవ్య వరసగా మూడు ఫోన్లు చేసింది. నాన్నకు, చిన్నాన్నకు, అత్తకు. మూడు ఫోన్లలోనూ ఏడ్చింది.

ముందు వచ్చింది గుణశేఖర్. బస్టాండులో జనమంతా తలలెత్తి ఆకాశంలోకి చూస్తూ ఉన్నారు. ఆటోవాళ్లు హెలికాప్టర్ దిగడానికి జాగా కావాలని ఆటోలు పక్కకు తీసి పెట్టారు. గండికోట చూసి వచ్చిన కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు.

"ఏంది నాయనా ఇది! నలుగురిలో పరువు తీస్తాండావే!"

"నువ్వొచ్చినావా గుణా? కూచో."

గుణశేఖర్ కూర్చోలేదు, సంచి కూడా అందుకోలేదు. "వెంకటేష్ రానీ. ఈ పొద్దు తేలిపోవాల," అని దూరంగా నిలబడ్డాడు. ఐదు కావస్తుండగా పెండ్లిమర్రి నుంచి వెంకటేష్ కారులో, పులివెందుల నుంచి రాజేశ్వరమ్మ బస్సులో దిగారు. తండ్రి తల మీదుగా మాటలు మొదలయ్యాయి.

"ఆషాఢం అమావాస్యతో నా వంతు అయిపోయింది. పంచాంగం తీసి చూసుకో వెంకటేషూ."

"అధిక మాసం ఒక మాసమా అన్నా? దాంట్లో పెండ్లి చేస్తారా, గృహప్రవేశం చేస్తారా? నా వంతు నిజ శ్రావణం నుంచి. మూడేండ్ల కిందట అధిక ఆశ్వయుజం నా వంతులోనే పడె. ఐదు నెలలు పెట్టుకున్యా. నోరెత్తినానా?"

"నోరెత్తకుండా మనసులో రాసిపెట్టుకున్యావన్నమాట!"

"నువ్వు చెప్పకుండా బస్సెక్కించినావు గదా, నువ్వేం రాసుకున్యావో!"

రాజేశ్వరమ్మ కొంగు నడుముకు దోపింది. "మీ ఇద్దరికీ సిగ్గుండాదా? కన్నతండ్రిని బస్టాండులో పెట్టుకుని..."

"అంత బాధుంటే నువ్వు తీసుకపో రాజీ!" అన్నాడు గుణశేఖర్.

"నా వంతు మార్గశిరంలో గదన్నా. మా అత్తకు ఏమని..." మాట సగంలోనే ఆమె నోరు మూసుకుంది. తన మాట తన చెవికే చేదుగా తగిలింది.

నబీ రసూల్ గ్లాసులు కడుగుతూనే అన్నాడు, "సామీ, మా లెక్కలో ఏడాదికి పన్నెండు నెలలే. ఈ ఎక్కువ నెల మాకు రాదు. పెద్దాయనను మా ఇంటికి పంపీండి. కథలు చెప్తాడు, మా ఆడోళ్లు, పిల్లోళ్లు నవ్వుకుంటారు."

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. అందుకే ముగ్గురి తలలూ వంగిపోయాయి. గుణశేఖర్ ఆ ఉక్రోషమంతా తండ్రి మీదికి తిప్పాడు.

"పొద్దన్నుంచి అందరికీ హెలికాప్టర్ కథలు చెప్పే బదులు, మాకొక ఫోన్ చేయకూడదా నాయనా?"

"ఎవరికి చేయాల్రా?" అన్నాడు రామకృష్ణయ్య. కోపం లేదు, దెప్పడం లేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. "తీసినా ఫోన్. మూడుసార్లు తీసినా. ఇది ఎవరి నెలని చేయాల?"

జనంలోంచి ఒక ఆటో ఆయన మెల్లగా అడిగాడు, "అయితే హెలికాప్టర్ రాదా పెద్దాయనా?"

"రాదప్పా. అది ఇంకా అతకనే లేదు."

ఆటోలు ఒక్కొక్కటే మళ్లీ జాగాలోకి వచ్చాయి. జనం పలచబడ్డారు. బెంచీ మీద సంచిలోంచి మందుల నీలం డబ్బా కనబడుతోంది. గుణశేఖర్ మూత తీసి చూశాడు. పొద్దుటి మాత్రలు రెండూ అందులోనే ఉన్నాయి. డబ్బా మూసి సంచిలో పెట్టి, సంచి అందుకున్నాడు.

"పద నాయనా. ప్రొద్దుటూరికి పోదాం."

"వద్దన్నా. ఇంట్లో వదిన ల్యాకపాయె. నా కార్లో పెండ్లిమర్రికి పిల్చకపోతా."

"మీ అత్తగారింట్లో మా నాయనకేం పని? నేను పెద్దోన్ని!"

"పెద్దోడివి పొద్దున యాడికి పోయినావు?"

"ఇద్దరూ జరగండి! నాయన నాతో వస్తాడు. మా అత్త ఏమన్నా అనుకోనీ!"

మళ్లీ ముగ్గురి గొంతులూ లేచాయి. పొద్దుటి నుంచీ తోసిన సంచిని ఇప్పుడు ముగ్గురూ మూడు వైపుల నుంచి లాగుతున్నారు. ముందుగా రాజేశ్వరమ్మే తండ్రి వైపు చూసింది. ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"ఏమైంది నాయనా? నొప్పిగా ఉండాదా?"

"ఏం లేదమ్మా. కొట్లాడుకోండి. ఇంకొంచేపు కొట్లాడుకోండి." పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "మీయమ్మ దినాల తర్వాత మీ ముగ్గురి గొంతులూ ఒక్క తావన ఇనింది ఈ పొద్దే. నేను ఒకరింట్లో ఉంటే ఇంకిద్దరు రారు. వంతు కాదు గదా. నాలుగేండ్లుగా మీరు నాకు ఒక్కొక్కరే కనపడతాండారు. శానా బెంగగా ఉంటాదిరా."

ఆయన నోట అబద్ధం లేకుండా వచ్చిన కథ బహుశా అదొక్కటే. గుణశేఖర్ బస్టాండు నేల మీదనే, తండ్రి కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. తండ్రిని నాలుగేసి నెలలుగా పంచుకున్న రోజునే అన్నదమ్ములూ చెల్లెలూ ఒకరింటికి ఒకరు పోవడం మానేశారని ఆయనకు అప్పుడే తట్టింది. చెల్లెలి తలలో తెల్లవెంట్రుకలు ఆయన ఇప్పుడే చూస్తున్నాడు.

"ఈ నెల ఎవరి వంతూ కాదు," అన్నాడు. "అందరం మా ఇంట్లోనే. వెంకటేషూ, నీ భార్యాపిల్లల్ను పెండ్లిమర్రి నుంచి పిల్చకరా. రాజీ, బావకు ఫోన్ చెయ్. అధిక మాసంలో అల్లునికి అప్పాలు పెట్టాల గదా, ముప్పై మూడు."

"అప్పాలు ఎవరు కాలుస్తారు? వదిన మైదుకూరులో ఉండె," అన్నాడు వెంకటేష్ ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వే."

"నేనా! నేను చేస్తే బావ పండ్లు రాలిపోతాయి."

"రాలితే రాలనీలే, ఎట్లాగూ రెండు కదుల్తాండాయి," అంది రాజేశ్వరమ్మ. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఆమెకు పొలమారింది.

బెల్లం ఎంత పట్టాలన్న దగ్గర మళ్లీ గొడవ మొదలైంది. అమ్మ ఎలా చేసేదో ముగ్గురికీ మూడు రకాలుగా గుర్తుంది. ప్రొద్దుటూరు బస్సు రెండుసార్లు హారన్ కొట్టి, ఎవరూ లేవకపోయేసరికి వెళ్లిపోయింది. నబీ రసూల్ అడక్కుండానే నాలుగు టీలు తెచ్చి బెంచీ మీద పెట్టాడు.

రామకృష్ణయ్య మాత్రం నోరు తెరవలేదు. ముగ్గురి మధ్యలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వింటూ కూర్చున్నాడు.